బొమ్మలు వేసినవారు: తెలియదు

అమ్మకు,

నీ చిన్నది రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాళ్లు, అక్క నడుము, మంచం దిగలేని బావగారు ఎలా ఉన్నారో విడివిడిగా రాయి. "అంతా బాగే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను. ఆ అలవాటు నాకు నీ నుంచే వచ్చింది కనుక, ఆ ముక్క వెనక ఏమేం దాస్తారో నాకు బాగా తెలుసు.

నీ ఉత్తరం అంది ఇరవై రోజులు దాటింది. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. రెండుసార్లు తేదీ వేసి లేచిపోయాను. మూడోసారి సగం పేజీ రాసి చింపేశాను. నాలుగోసారి మీ అల్లుడు వచ్చి, "రాస్తున్నది అమ్మకి ఉత్తరమా, కలెక్టరుకి అర్జీయా?" అని అడిగారు. తీరిక లేక కాదమ్మా, ఓపిక లేక. ఇవాళ ఆదివారం. పొద్దున్నే పనులన్నీ తెముల్చుకుని కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. రాసిగాని లేవను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. నా దగ్గు తగ్గింది. ఆఫీసులో లిఫ్టు మాత్రం బాగుపడలేదు. మా గది నాలుగో అంతస్తులో ఉంది కదా, రెండో అంతస్తు మెట్ల మీద ఒకసారి, మూడో అంతస్తులో ఒకసారి కూర్చుని వెళుతున్నాను. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. మీ అల్లుడు రిటైరయినప్పటి నుంచీ ఇల్లు సర్దుతున్నారు. అంటే నేను సర్దిపెట్టుకున్నవన్నీ తీసి వేరేచోట పెడుతున్నారు. నిన్న చెంచాల కోసం అరగంట వెతికాను. బావగారిని పక్కకి తిప్పేటప్పుడు నువ్వు కుర్చీలో కూర్చుని అక్కకి ఆజ్ఞలు ఇస్తున్నావని, "ముందు మోకాలు మడవవే, భుజం తర్వాత" అని కేకలేస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. నువ్వు కేకలు వేస్తున్నావంటే నాకు ధైర్యంగా ఉంది. నా ఉత్తరాలు ఎందుకు కురచైపోయాయని అడిగావు. ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న. "అక్క ఫోనులో నాన్న పుస్తకం చూపించింది. ముప్ఫై నాలుగు బొమ్మలూ ఉన్నాయి. పదకొండో బొమ్మలో తమ్ముడి కాలు మరీ పొడుగు వచ్చింది, నాన్న అప్పుడే నవ్వారు. అంతా ఉంది గాని మొదటి పేజీ లేదేం? అట్ట తర్వాత నేరుగా మూడో పేజీకి పోయింది" అని రాశావు. ఎనభై ఏడేళ్ల వయసులో, అరచేతంత తెర మీద, ఒక పేజీ తగ్గిందని పట్టుకున్నావు. నా ఉద్యోగం నీకిచ్చి నన్ను ఇంటికి పంపాల్సింది. ఆ ప్రశ్నకి జవాబు ఉంది. కాని అది ఒక్క ముక్కలో రాసేది కాదు. కాస్త ఓపిక పట్టి చదువు.

నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "మా చిన్నది లైబ్రరీలో పుస్తకాలు చూసుకుంటుంది" అని చెబుతావట. నిజానికి నేను చూసుకునేది చావులు. రాసిన మనిషి పోయి డెబ్బై ఏళ్లు నిండితే గాని పుస్తకం అందరిదీ కాదు. అప్పటిదాకా దాన్ని మళ్లీ అచ్చువేయాలన్నా, నీలాంటివాళ్లు ఫోనులో చదువుకునేట్టు పెట్టాలన్నా, హక్కుదారు ఎవరో వెతికి అనుమతి తెచ్చుకోవాలి. అందుకని మా హక్కుల గదిలో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉంటుంది. రాసినవారు ఎవరు, ఏ సంవత్సరంలో పోయారు. బొమ్మలు వేసినవారు ఎవరు, ఏ సంవత్సరంలో పోయారు. ఆ గడులు నింపడమే నా పని. మున్సిపాలిటీలకీ, పాత బడులకీ, శ్మశానాల ఆఫీసులకీ ఉత్తరాలు రాస్తాను, ఫోన్లు చేస్తాను. మీ అల్లుడు నన్ను "చావుల గుమస్తా" అని ఏడిపిస్తారు.

ఒకసారి పద్యాల పుస్తకం రాసిన ఒకాయన ఇంటికి ఫోను చేసి, "ఏమీ అనుకోకండి, ఆయన ఏ సంవత్సరంలో పోయారో చెప్పగలరా?" అని అడిగాను. "ఆ పని మీదే ఉన్నానమ్మా, ఇంకా కాలేదు" అన్నారు అవతల నుంచి. ఆయనే. ఆ తర్వాత నాలుగేళ్లున్నారు. పోయిన మర్నాడు కూతురు ఫోను చేసి, "నాన్న మీకు మర్చిపోకుండా చెప్పమన్నారండీ" అంది. ఆ రోజు ఆయన కార్డు నింపకుండానే ఇంటికి వెళ్లిపోయాను.

మరీ పాత పుస్తకాలతో గొడవ లేదు, కొత్తవాటికి దుకాణాలున్నాయి. ఎటూ కాకుండా పోయేవి మధ్యవి. వాటిని అమ్మేవాడు ఉండడు, అచ్చువేసేవాడు ఉండడు, వేస్తానని ఎవరైనా ముందుకొస్తే సరేననే మనిషి దొరకడు. అలాంటి పుస్తకాలు మా అంతస్తులో పదహారు బీరువాల నిండా ఉన్నాయి. ఆ కాలపు కాగితం అరవై ఏళ్లకే పెళుసెక్కిపోతుంది. గడువు తీరి విడుదల వచ్చేసరికి అట్టలూ, పొడీ మిగులుతాయి. ఇదంతా ఎవడో దుర్మార్గుడు చేసిన పనైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. రచయితల బిడ్డలు చల్లగా ఉండాలని మంచి మనసుతో పెట్టిన గడువే ఇది. ఆ బిడ్డల బిడ్డలకి నేను ఫోను చేస్తే, సగంమంది "మా తాత పుస్తకం రాశారా!" అని ఆశ్చర్యపోతారు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట వింటున్నాను. మొదట్లో నవ్వొచ్చేది.

తాతయ్య పుస్తకం గురించి నీకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను, నీకు తెలియని సంగతి దాని మధ్యలోనే ఉంది. ఆసుపత్రి వార్డులో ముప్ఫై ఏళ్లు రోగుల్ని ఎత్తి దించిన మనిషి ఆయన. ఇంట్లో మంచం పట్టినవాళ్లని ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకి ఎవరూ చెప్పడం లేదని "మంచం పక్కన" రాశారు. ఒంటికి పుండ్లు పడకుండా ఎలా తిప్పాలి, ఎత్తేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలి, మింగలేనివాళ్లకి గంజి ఎలా పట్టాలి. మాటలు ఆయనవి, బొమ్మలు నీవి. పదిహేనేళ్ల పిల్లవి, మావయ్యని మంచం మీద పడుకోబెట్టి ముప్ఫై నాలుగు బొమ్మలు వేశావు. రోగిలా పడుకోరా అంటే మావయ్య నిజంగానే గుర్రు పెట్టేవాడని, అందుకే సగం బొమ్మల్లో రోగి నోరు తెరుచుకుని ఉంటాడని చెప్పి నువ్వు పడీ పడీ నవ్వేదానివి. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే తాతయ్య పోయారు.

నీకు పందొమ్మిదేళ్లప్పుడు పబ్లిషరు సైకిలు మీద వచ్చి, రెండోసారి అచ్చువేయడానికి సంతకం కావాలన్నారు. నువ్వు చదవకుండానే పెట్టావు. ఆయన మంచివాడే, పుస్తకం వేశాడు కూడా. కాని బొమ్మల మీద హక్కులన్నీ, గడువు తీరేదాకా, ఆయన సంస్థవని ఆ కాగితంలో ఉంది, మన ట్రంకుపెట్టెలో దాని నకలు నేను చదివాను. ఆయన పోయాక కొడుకు సంస్థని ఇంకొకరికి అమ్మాడు, వాళ్లు ఇంకా పెద్దవాళ్లకి అమ్మారు. ఇప్పుడు అది ఒక కంపెనీ చేతిలో ఉంది. పదకొండేళ్లలో వాళ్లకి ఏడు ఉత్తరాలు రాశాను, మీరైనా వేయండి, మమ్మల్నైనా వేయనివ్వండి అని. ఆరింటికి జవాబు లేదు. ఏడోదానికి మాత్రం, "మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే మాకొక ప్రతి పంపగలరా?" అని అడిగారు.

ఇరవై ఏళ్ల కిందట గడువు యాభై ఏళ్లే ఉండేది, గుర్తుందా? ఆ ఏడాదే తాతయ్య పుస్తకం విడుదల కావాలి. నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటున్నావు. తీరా నెల రోజులుందనగా దాన్ని డెబ్బైకి పెంచారు. "ఇంకో ఇరవయ్యేగా, ఉంటాలే" అని రాశావు. అప్పటికి మా లైబ్రరీలో ఆ పుస్తకం నాలుగు ప్రతులుండేవి. ఒకటి చెదలు తిన్నాయి. ఒకటి కప్పు కారి తడిసిపోయింది. ఒకటి ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. ఆ తీసుకెళ్లిన మనిషి మీద నాకు కోపం లేదు, ఇంట్లో ఎవరో మంచం పట్టి ఉంటారు. చివరికి ఒక్కటే మిగిలింది.

ఈ జనవరి ఒకటిన ఆ ఒక్క ప్రతినీ ఫొటోలు తీసి అందరికీ పెట్టాం. ఆ సాయంత్రం నువ్వు ఫోను చేసి, "నాన్న బయటికొచ్చారే" అన్నావు. నేను పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను. నీకు అనిపించింది వేరు, నాకు అనిపించింది వేరు.

వారం తిరక్కుండానే ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. నా ఉద్యోగంలో బతికున్నవాళ్లు సంతోషంగా ఉత్తరం రాయడం తక్కువ. ఒక దర్జీ రాశాడు. రెండేళ్ల నుంచి భార్యకి కుడి పక్క పడిపోయిందట. "పదకొండో బొమ్మని కాగితం మీద తీయించుకుని, అది చూసి, ముందు మోకాలు మడిచి, తర్వాత తిప్పానండి. ఈ రెండేళ్లలో తిప్పేటప్పుడు ఆమె అరవకపోవడం ఇదే మొదటిసారి. ఆ బొమ్మ ఎవరు వేశారో చెబితే ఉత్తరం రాసుకుంటాను" అని. పొడుగు కాలు ఉన్న బొమ్మే. ఆ ఉత్తరానికి నేను జవాబు ఇవ్వలేదు.

పుస్తకం బయటికొచ్చిన నలభయ్యో రోజున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పదకొండేళ్లలో ఒక్కసారి తప్ప ఉలకనివాళ్లూ పలకనివాళ్లూ! తమ పాత కాగితాల్లో ఈ బొమ్మలకి ఒక ఒప్పందం దొరికిందని, దాని మీద ఒకావిడ సంతకం ఉందని, మా కార్డులో మాత్రం బొమ్మలు వేసినవారు "తెలియదు" అని ఉందని, ఆవిడ ఏ సంవత్సరంలో పోయారో వెంటనే తెలపమని. మా గదికి పెద్ద ఒకాయన ఉన్నారు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, అయినా అందరం పెద్దాయన అనే అంటాం. ఆయన ఆ ఉత్తరం, ఒప్పందం నకలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"మేడమ్, ఇది మీ పనే. ఈవిడ ఎప్పుడు పోయారో కాస్త కనుక్కోండి."

"దొరక్కపోతే?" అన్నాను.

"మీకు దొరకని చావుందా?" అని నవ్వారు. "మరీ దొరక్కపోతే ఆచూకీ తెలియలేదని రాసేద్దాం. మీరు వెతికి లేదన్నారంటే ఇంకెవరూ అడగరు."

కాగితం మీద ఉన్నది పెళ్లికి ముందటి నీ ఇంటిపేరు. అందుకే ఆయనకి తెలియలేదు. పందొమ్మిదేళ్ల నీ సంతకం అంతసేపు చూడటం నాకదే మొదలు. చివరి అక్షరం కింద ఇప్పుడు గీసినట్టే ఒక గీత గీశావు. ఆయన వెళ్లిపోయాక కూడా నేను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు. మా అమ్మ ఎప్పుడు పోయిందో కనుక్కోమని నాకు పని అప్పజెప్పారు.

అమ్మా, ఆ మొదటి పేజీ చిరిగిపోలేదు. ఆ పేజీ తీసింది నేనే.

పోయిన నవంబరులో ఆ ప్రతిని ముందు పెట్టుకుని కార్డు రాయడానికి కూర్చున్నాను. మొదటి పేజీలో పైన తాతయ్య పేరు. కింద, "బొమ్మలు వేసినది రచయిత కుమార్తె" అని, పక్కన నీ పూర్తి పేరు. పదిహేనేళ్ల పిల్ల పేరు పుస్తకం మీద వేయించారంటే ఆయనకి నువ్వంటే ఎంత గర్వమో. బొమ్మలకి గడువు వేరే ఉంటుందమ్మా. బొమ్మలు వేసిన మనిషి పోయి డెబ్బై ఏళ్లు నిండాలి. మనమంతా ఇన్నేళ్లూ తాతయ్య పోయిన సంవత్సరాన్నే లెక్కపెట్టుకుంటూ వచ్చాం. ఆయన మాటలకి గడువు తీరింది. నీ బొమ్మలకి అది ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే నువ్వున్నావు. పోనీ నువ్వే అనుమతి ఇద్దామంటే, ఆ హక్కు సైకిలు మీద వచ్చిన మనిషికి ఎప్పుడో రాసిచ్చేశావు.

ఈ సంగతి నాకు నవంబరులో తట్టింది కూడా కాదు. ఎనిమిదేళ్లుగా తెలుసు. నువ్వేమో ప్రతి ఉత్తరంలోనూ "పుస్తకం చూసే పోతాను" అని రాస్తున్నావు. నువ్వు ఉన్నంతకాలం అది రాదని, నువ్వు బతికి ఉండటమే దానికి అడ్డమని ఏ కూతురు తల్లికి రాయగలదు? నేను రాయలేకపోయాను. నా ఉత్తరాలు కురచ కావడం అప్పుడే మొదలైంది.

ఎవరు వేశారో తెలియని బొమ్మలకైతే లెక్క వేరు. అచ్చయిన ఏటి నుంచి డెబ్బై ఏళ్లు చాలు. పుస్తకం అచ్చయి డెబ్బై రెండేళ్లయింది. ఆ పేజీ అప్పటికే ఒక కుట్టు ఊడి వేలాడుతోంది. మిగిలిన కుట్టు నేను విప్పి, పేజీని కవరులో పెట్టి, నా బల్ల సొరుగులో అడుగున దాచాను. కార్డులో "బొమ్మలు వేసినవారు" అన్నచోట "తెలియదు" అని రాశాను. ఊరూపేరూ తెలియని ఎంతమంది పేర్లో వెతికి పెట్టిన చేత్తో, కన్నతల్లి పేరు ఎదురుగా పెట్టుకుని ఆ మాట రాశాను. నీకు పుస్తకం చూపించాలన్న ఆత్రంలో, నువ్వు దాంట్లోంచి పోతున్నావన్న సంగతి నాకు కనిపించలేదు.

కంపెనీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు ఆ పని ముట్టుకోలేదు. ఈలోగా ఆ ప్రతిని బాగుచేయడానికి కిందికి పంపారు. మా బైండరు నీకు తెలుసు, క్రితంసారి వచ్చినప్పుడు నీ కళ్లజోడు డబ్బాకి అట్ట వేసిచ్చిన ఆవిడ. నేను వెళ్లేసరికి పుస్తకాన్ని దీపం కింద పెట్టుకుని చూస్తోంది.

"ఈ పేజీ చిరగలేదు," అంది. "దారం తెగకుండా ఎవరో విప్పారు. ఇంత నేర్పుగా విప్పేవాళ్లు ఈ భవనంలో ఇద్దరే ఉన్నారు. నేను విప్పలేదు."

నేను దీపం పక్కనున్న దారపు ఉండని అటూ ఇటూ జరిపాను.

"ఎవరికీ చెప్పనులే. తెచ్చిస్తే మాత్రం కుడతాను. ఊరికే వదిలేస్తే ఇంకో నాలుగు పేజీలు ఊడతాయి" అంది, నా మొహం చూడకుండా.

పైకి వచ్చి కార్డు తీశాను. "ఆచూకీ తెలియలేదు" అని రాస్తే చాలు. పుస్తకం ఉంటుంది, బొమ్మలు ఉంటాయి, దర్జీ భార్య హాయిగా నిద్రపోతుంది, నా ఉద్యోగం ఏడాదిన్నరా సాఫీగా గడిచిపోతుంది. నీ పేరు తెలియదని ఒకసారి రాశాను. ఇప్పుడు నువ్వు ఉన్నావో పోయావో తెలియదని రాయాలి. అది మాత్రం నా చేత కాలేదమ్మా. ముందురోజే నువ్వు ఫోనులో "చారెడు మందుబిళ్లలు మింగిస్తున్నారే నాతో" అని అక్క మీద చాడీలు చెప్పావు. నీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.

ఇదంతా నీకు ముందే రాసి ఉంటే నువ్వేం చేసేదానివో నాకు తెలుసు. "ఎవరు వేశారో గుర్తులేదండీ, మా నాన్న ఎవరిచేతో వేయించారు" అని లైబ్రరీకి చక్కగా ఉత్తరం రాసేదానివి. "నా పేరుదేముందే, నాన్న పుస్తకం ఉంటే చాలు, నీ ఉద్యోగం ఉంటే చాలు" అనేదానివి. మా ఇద్దరి కోసం ఎన్నిసార్లు అలా పక్కకి తప్పుకున్నావో నేను చూశాను. ఇంకొకసారి తప్పుకోనివ్వకూడదనుకున్నాను. అందుకే నీకు ఉత్తరం రాయకముందే, మొన్న శుక్రవారం, ఆ కవరు తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టాను.

ఆయన పేజీ తీసి చదివారు. ఒప్పందం తెప్పించి పక్కన పెట్టుకుని రెండిటి మీదా పేరు చూశారు.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"నేనే తీశాను."

పేజీని మళ్లీ కవరులో పెట్టారు. తర్వాత, "ఈవిడ మీకేమవుతారు?" అన్నారు.

"అమ్మ."

"ఉన్నారా?"

"ఉన్నారు."

"మంచిది" అన్నారు. అనేశాక, తను ఆ మాట అనాల్సిన చోటు అది కాదని తోచిందేమో, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆయన కేకలేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. హక్కుల గది నుంచి నన్ను తీసేశారు. రేపటి నుంచి కింద, పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాలు అరల్లో సర్దే పని. విచారణ కూడా ఉంటుందట, చెప్పాల్సింది ఉన్నదున్నట్టు చెబుతాను. మెట్లెక్కే బాధ తప్పిందని మీ అల్లుడు అన్నారు. ఆయన నన్ను ఊరడించడం అంతే, నీకు తెలుసుగా.

పుస్తకం పూర్తిగా తీసేయరు. తాతయ్య మాటలు అందరివీ అయ్యాయి కనుక అవి ఉంటాయి. నీ బొమ్మలు ఉన్నచోట ముప్ఫై నాలుగు తెల్లటి గడులు వదిలేస్తారు. "కుడి చెయ్యి బొమ్మలో చూపినచోట పెట్టండి" అని ఉంటుంది, దాని కింద ఏమీ ఉండదు. వేరే ఎవరిచేతైనా కొత్తగా వేయించొచ్చు కదా అని పెద్దాయన్ని అడిగాను. పాతవాటిని చూడనివాళ్లెవరైనా వేయొచ్చన్నారు. నువ్వు మాత్రం వేయకూడదు. నీ చేతికి మళ్లీ అవే వస్తాయి, అవి కంపెనీవి. లోకంలో ఎవరు వేసినా తప్పులేని బొమ్మలు, నువ్వు వేస్తే తప్పు. ఈ ముక్క రాసే ముందు కలం కింద పెట్టి, మళ్లీ తీశాను.

దర్జీకి నిన్న జవాబు రాశాను. బొమ్మ వేసింది మా అమ్మ అని, మీ ఇంట్లో ఉన్న కాగితాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి, మళ్లీ దొరకదు అని.

నా మీద కోపం వస్తే రానివ్వు. ఉత్తరం మానేయకు, తిడుతూ రాయి. నీ ముఖం చూసి చెప్పాల్సిన సంగతి కాగితం మీద చెబుతున్నందుకు నాకు సిగ్గుగా ఉంది. నువ్వు ఆనందంగా ఫోను చేసిన ఆ సాయంత్రం నుంచీ నాకు సరిగ్గా తిండి సయించలేదు. ఇవాళే కాస్త ఆకలిగా అనిపిస్తోంది.

వచ్చే వారం లైబ్రరీ నుంచి నీకొక కాగితం వస్తుంది. అందులో ఒకటే ప్రశ్న ఉంటుంది, ఈ బొమ్మలు వేసినది మీరేనా అని. గుర్తులేదని రాయకు. అక్క చేత రాయించకు. కళ్లజోడు పెట్టుకుని, నీ చేత్తో నువ్వే "అవును, నేనే" అని రాసి, కింద పేరు మొత్తం రాయి. అక్షరాలు వంకర పోయినా ఫరవాలేదు. నువ్వు అలా రాసిన రోజు నుంచీ, నీ తర్వాత డెబ్బై ఏళ్లు నిండేదాకా ఆ బొమ్మలు ఎవరికీ దొరకవు. అవి మళ్లీ బయటికొచ్చేసరికి నేనుండను, అక్క పిల్లలు కూడా ఉండరేమో. అయినా రాయమ్మా. ఆ డెబ్బై ఏళ్లు ఎంత ఆలస్యంగా మొదలైతే నాకంత సంతోషం.

ఇట్లు,
నన్ను క్షమించమని అడగడానికి ఇంకా నోరు రాని
నీ చిన్న కూతురు